వాక్యాన్ని పైకి పలకడం: 91వ కీర్తన వెంట నడిచిన చరిత్ర

“మహోన్నతుని చాటున నివసించువాడే సర్వశక్తుని నీడను విశ్రమించువాడు.” అక్షరాలు రాకముందే ఈ మాట నోటికి వచ్చిన పిల్లలు తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఎందరో ఉన్నారు. జ్వరంతో మూలుగుతున్న బిడ్డ తల మీద చెయ్యి వేసి తల్లి 91వ కీర్తన చెబుతుంది. ఊరికి బయలుదేరేవాళ్లు గడప దాటకముందు ఇంటిల్లిపాదీ నిలబడి చెబుతారు. ఈ అలవాటుకు ఉపవాస ప్రార్థనల్లోనూ విమోచన కూడికల్లోనూ ఇప్పుడు మరో బోధ తోడైంది. ఆత్మీయ పోరాటంలో వాక్యాన్ని మనసులో అనుకుంటే చాలదని, సాతానుకు వినబడేలా పైకి పలకాలని, పలికినప్పుడే అది ఖడ్గమవుతుందని ఆ బోధ సారాంశం. ఇది మంత్రం చదవడంతో సమానమని తప్పుపట్టే విశ్వాసులూ ఉన్నారు. ఈ వాదం రెండు వేల ఏళ్లకు పైబడిన ఆచారం చుట్టూ నడుస్తోంది కాబట్టి, ఆ ఆచారం ఎక్కడ మొదలై ఎలా మారుతూ వచ్చిందో ముందుగా చూడాలి.

“దివారాత్రము దానిని ధ్యానించువాడు” అని మొదటి కీర్తనలో మనం చదువుకునే చోట హీబ్రూలో ఉన్న క్రియ ‘హాగా’. ధ్యానం అనగానే కళ్లు మూసుకుని మౌనంగా కూర్చోవడం మన మనసులో మెదులుతుంది కాని, ఆ క్రియకు గొణుగుతూ పలకడం అనే అర్థం ఉంది. యెషయా గ్రంథంలో వేట మీద నిలబడి గుర్రుమనే సింహానికీ, మూలిగే గువ్వకూ వాడినది ఆ క్రియనే. ఆ కాలంలో చదవడమంటేనే గొంతు విప్పి చదవడం. అపొస్తలుల కార్యములలో, రథంలో కూర్చున్న ఐతియొపీయుడు యెషయా గ్రంథం చదువుతుంటే పక్కన పరుగెత్తి వచ్చిన ఫిలిప్పుకు వినబడింది. అందువల్ల పైకి పలకడం అనేది పోరాటం కోసం ప్రత్యేకంగా కనిపెట్టిన పద్ధతి కాదు, లేఖనంతో యూదులు రోజూ బతికిన తీరే అది.

అయితే దురాత్మలకు ఎదురుగా కీర్తనలు పలకడం కూడా క్రీస్తుకు ముందే ఉన్నదని చెప్పడానికి ఆధారం ఉంది. మృత సముద్ర తీరాన కుమ్రాను దగ్గర 1956లో బయటపడిన పదకొండవ గుహలోని ఒక చిన్న గ్రంథపు చుట్టలో, దయ్యాలను గద్దించే పాటల తరువాత చివరిగా 91వ కీర్తన రాసి ఉంది. హీబ్రూ కీర్తనలను గ్రీకులోకి తెచ్చినవారు ఆరవ వచనంలో ‘మధ్యాహ్నపు దయ్యం’ అనే మాట వాడారు. మన తెలుగు బైబిల్లో మాత్రం అక్కడ “మధ్యాహ్నమందు పాడుచేయు రోగము” అని ఉంది. ఈ ఒక్క మాట తేడా చిన్నదిగా కనబడవచ్చు గాని, గ్రీకు చదివేవారి చేతిలో ఈ కీర్తన దయ్యాలతో పోరాడే ఆయుధమైతే, తెలుగు చదివేవారి చేతిలో అది రోగపు మంచం దగ్గరి ప్రార్థన కావడానికి ఈ తేడా కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

అరణ్యంలో యేసును శోధించిన సాతాను ఎత్తుకున్నది కూడా ఈ కీర్తననే. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూతలు నిన్ను చేతులతో ఎత్తికొందురు అని వ్రాయబడియున్నది కదా, దూకుమన్నాడు. “నీ మార్గములన్నిటిలో” అన్న మాటను మాత్రం వదిలేశాడు. యేసు మూడుసార్లూ ద్వితీయోపదేశకాండములోని మాటలతోనే జవాబిచ్చాడు. అవి ఇశ్రాయేలు అరణ్యంలో ఆకలికీ అనుమానానికీ లోనై తప్పిపోయిన సందర్భాల్లోంచి వచ్చిన మాటలు. పలికిన వచనం ఆ ఘడియకు సరిపోయిందా లేదా అన్నదే అక్కడ తేలిన విషయం. లేఖనం సాతాను నోట కూడా పలికింది కాబట్టి, పలకడం ఒక్కటే ఖడ్గమవుతుందనే మాటను ఈ ఘట్టం ముందు నిలబెట్టి చూడాలి.

నాలుగో శతాబ్దంలో ఐగుప్తు ఎడారి సన్యాసులు ఈ ఘట్టాన్నే తమ దినచర్యగా మార్చుకున్నారు. అలెగ్జాండ్రియా బిషప్పు అథనాసియస్ రాసిన జీవితచరిత్ర ప్రకారం, దయ్యాలు కొట్టి పడేసిన ఆంటోనీ అనే సన్యాసి లేచి నిలబడలేని స్థితిలోనూ “నాతో యుద్ధము చేయుటకు దండు దిగినను నా హృదయము భయపడదు” అనే 27వ కీర్తనను పాడాడు. 399లో మరణించిన ఎవాగ్రియస్ అనే సన్యాసి ఈ అలవాటుకు ఒక శాస్త్రం కట్టాడు. తిండిపోతుతనం మొదలుకొని గర్వం దాకా ఎనిమిది దుష్ట తలంపులను విడదీసి, ఒక్కొక్క తలంపు ఏయే రూపాల్లో వస్తుందో చెప్పి, ఒక్కొక్క దానికి ఎదురుచెప్పే వచనాన్ని పక్కన పెట్టి, దాదాపు 500 జవాబులతో ఒక పుస్తకం రాశాడు. గ్రీకు మూలం పోయినా సిరియా, ఆర్మేనియా భాషల అనువాదాల్లో అది నిలిచింది.

ఎవాగ్రియస్ దగ్గర కాస్త ఆగాలి. మధ్యాహ్నపు దయ్యం అని అతడు పేరు పెట్టినది సన్యాసికి పట్టే విసుగు. పొద్దున పది గంటల వేళ మొదలై రెండు గంటల వేళ దాకా అది పట్టుకుంటుందని, సూర్యుడు కదలడం లేదనిపిస్తుందని, రోజుకు యాభై గంటలున్నట్టు తోస్తుందని, ఎవరైనా వస్తున్నారేమోనని సన్యాసి మాటిమాటికీ కిటికీ వైపు చూస్తాడని అతడు రాశాడు. దానికి అతడు చెప్పిన మందు గద్దింపు కాదు. కన్నీళ్లతో ప్రాణాన్ని రెండుగా చేసుకుని, ఒక సగం మరో సగాన్ని ఓదారుస్తూ, “నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?” అని దావీదు మాటలు పాడమన్నాడు. ఎదురుచెప్పే పుస్తకంలో కూడా కొన్ని వచనాలు దయ్యంతో, కొన్ని సొంత ప్రాణంతో, ఇంకా కొన్ని ప్రభువుతోనే చెప్పవలసినవి. ఎవరితో మాట్లాడుతున్నామో తెలిసి మాట్లాడడం అతడి పద్ధతికి ప్రాణం. ఇవాళ్టి బోధల్లో తరచుగా జారిపోతున్నదీ ఇదే.

ఆ తరువాతి శతాబ్దాలను త్వరగా దాటవచ్చు. కాసియన్ అనే సన్యాసి “దేవా, నన్ను విడిపించుటకు త్వరగా రమ్ము” అనే 70వ కీర్తన మొదటి వచనాన్ని ఎడతెగక పలకమన్నాడు. ఆరో శతాబ్దంలో బెనెడిక్ట్ తన మఠాల్లో రోజూ రాత్రి నిద్రకు ముందు 91వ కీర్తన పాడాలని నియమం పెట్టాడు. మరోవైపు లేఖనాన్ని రాసి తాయెత్తుగా మెడలో కట్టుకోవడమూ సాగింది. మార్టిన్ లూథర్ తన పెద్ద ప్రశ్నోత్తరి ముందుమాటలో, దేవుని మాటను పలుకుతూ, పాడుతూ, తలపోస్తూ ఉండడం కంటే సాతానుకు గిట్టని ధూపం లేదని రాశాడు. ఆ జాబితాలో తలపోయడం కూడా ఉందని గమనించాలి.

ఇవాళ మనం వింటున్న బోధకు దగ్గరి మూలం అమెరికాలో ఉంది. ఇ. డబ్ల్యు. కెన్యన్ (1867–1948) నోటి ఒప్పుకోలుకు, అంటే నమ్మినదాన్ని నోటితో పలకడానికి, ఇచ్చిన ప్రాముఖ్యాన్ని కెన్నెత్ హేగిన్ (1917–2003) విశ్వాస ఉద్యమంగా వ్యాపింపజేశాడు. 1974లో ఆయన స్థాపించిన బైబిల్ పాఠశాల పేరులోనే ‘రేమా’ ఉంది. లోగోస్, రేమా రెండూ ‘మాట’ అనే అర్థమిచ్చే గ్రీకు పదాలు. రాయబడిన వాక్యం ‘లోగోస్’ అని, ఆ ఘడియలో ఆత్మ ప్రేరేపించగా నోట పలికేది ‘రేమా’ అని, దేవుని వాక్యాన్ని ఆత్మఖడ్గమని పిలిచే ఎఫెసీ 6:17లోని ఆ ఖడ్గం రేమాయేనని ఈ బోధ ప్రచారం పొందింది. ఎఫెసీలో ఉన్న మాట రేమా అన్నది నిజమే. కాని 1 పేతురు మొదటి అధ్యాయంలో 23వ వచనం లోగోస్ అన్నదానినే 25వ వచనం రేమా అంటుంది కాబట్టి, అంత పెద్ద భవనాన్ని ఆ రెండు మాటల మీద కట్టలేము.

తెలుగు నేలకు ఈ బోధ రాకముందే వాక్యం నోటి మీద నిలిచి ఉంది. ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందినప్పుడు వారిలో చాలామంది చదువు రానివారు. 1854లోనే పూర్తి తెలుగు బైబిలు అచ్చయినా, అటువంటి వారికి వాక్యం అంటే విని, కంఠతా పట్టి, పాటగా పాడి, మళ్లీ నోటితో చెప్పేదే. ఈనాటి సండే స్కూలు కంఠత వాక్యం ఆ వరుసలోనిదే.

2020లోనూ 2021లోనూ కరోనా వార్డుల బయట చాలామంది 91వ కీర్తననే పట్టుకున్నారు. “చీకటిలో సంచరించు తెగులు” అన్న మాట దగ్గర గొంతు బిగపట్టి చెప్పినవారందరి ఇళ్లకూ రోగి తిరిగి రాలేదు. ఆ కీర్తన చివరి మూడు వచనాల్లో గొంతు మారుతుంది. అప్పటిదాకా మనిషి పలికితే, అక్కడ దేవుడే పలుకుతాడు: “అతడు నాకు మొఱ్ఱపెట్టగా నేనతనికి ఉత్తరమిచ్చెదను, శ్రమలో నేనతనికి తోడై యుండెదను.” కీర్తనను పైకి పలికేవాడు ఆ మాటను తన నోటితోనే చెబుతూ తన చెవితోనే వింటాడు.