సిగ్నల్ దగ్గర ఏసీ చల్లదనం పోతోందా? ముందు ఫ్యాన్ చూడండి

మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లో ఆరాంఘర్ దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే, ఆ పదకొండున్నర కిలోమీటర్లూ ఏసీ హాయిగా ఉంటుంది. మెహిదీపట్నంలో దిగి సిగ్నల్ దగ్గర ఆగారో లేదో, గాలి గోరువెచ్చగా మారిపోతుంది. ఇంజిన్ బెల్టుతో తిరిగే పాత రేడియేటర్ ఫ్యాన్ తీసేయించి కరెంటు ఫ్యాన్ పెట్టించుకున్న పాత కార్లు, జీపుల్లో ఈ గొడవ మామూలే. వెంటనే చాలామంది గ్యాస్ కొట్టించడానికి పరిగెడతారు. దయచేసి కాస్త ఆగండి. స్పీడులో చల్లగానే వస్తోందంటే మొదటి అనుమానం ఫ్యాన్ మీదకే పోవాలి.

కారు లోపలి వేడిని గ్యాస్‌తో మోసుకొచ్చి బయట పారబోయడమే ఏసీ పని. పారబోసే చోటు రేడియేటర్‌కు ముందుండే కండెన్సర్. ఇప్పుడు చాలా కార్లలో ఉన్న ఆర్-134ఏ గ్యాస్ మామూలు వాతావరణ పీడనంలో మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. అలాంటిదాన్ని 42 డిగ్రీల ఎండలో మళ్లీ ద్రవంగా మార్చాలంటే గట్టిగా ఒత్తాలి. కండెన్సర్ 55 డిగ్రీల దగ్గర ఉంటే సుమారు 15 బార్ల (ఒక బార్ అంటే దాదాపు మామూలు వాతావరణ పీడనమంత) ఒత్తిడి సరిపోతుంది. స్పీడులో ఎదురుగాలే కండెన్సర్‌ను చల్లబరుస్తుంది, బండి ఆగితే ఫ్యానే దిక్కు. గాలి తగలక అది 80 డిగ్రీలకు చేరిందంటే 26 బార్లు దాటుతుంది. ఇంకా పెరిగితే ప్రెషర్ స్విచ్, గ్యాస్‌ను ఒత్తే కంప్రెసర్‌నే ఆపేస్తుంది.

పాత ఫ్యాన్ ఇంజిన్‌తో పాటే తిరిగేది. కరెంటు ఫ్యాన్‌కు మాత్రం ఎప్పుడు తిరగాలో చెప్పే స్విచ్ కావాలి. సాధారణంగా రేడియేటర్ దగ్గర ఒక స్విచ్ పెట్టి వదిలేస్తారు. నీళ్లు 90 డిగ్రీలకు అటూఇటూ చేరితేనే అది పని చేస్తుంది. ఆ లోపు ఇంజిన్‌కు ఏ ఇబ్బందీ లేదు కానీ, కండెన్సర్ ఉడికిపోతూ ఉంటుంది. అందుకే కంప్రెసర్‌కు వెళ్లే కరెంటు నుంచి కూడా ఫ్యాన్ రిలేకు (చిన్న కరెంటుతో ఫ్యాన్‌ను ఆన్ చేసే స్విచ్‌కు) ఒక వైరు ఇవ్వాలి. ఇంజిన్ చల్లగా ఉన్నా సరే, ఏసీ వేయగానే ఫ్యాన్ తిరగాలి. బిగించిన మెకానిక్ ఉండగానే ఇది పరీక్షించుకోవడం మంచిది.

తిరిగితే చాలదు, సరైన దిక్కుకు తిరగాలి. బండి ఆపి, ఏసీ వేసి, ముందు జాలీ మీద ఒక టిష్యూ పేపర్ పెట్టండి. అది జాలీకి అతుక్కుని నిలబడాలి. ఎగిరి పడిందంటే ఫ్యాన్ వైర్లు తారుమారయ్యాయి. ఇంజిన్ దగ్గరి వేడి గాలినే కండెన్సర్ మీదకు తోస్తోంది. ఈ పరీక్ష చేసేటప్పుడు వేళ్లు ఫ్యాన్ దగ్గరకు పోనివ్వొద్దు. కరెంటు ఫ్యాన్ ఎప్పుడు మొదలవుతుందో చెప్పలేం, కొన్ని బళ్లలో ఇంజిన్ ఆపేశాక కూడా తిరుగుతుంది.

దిక్కు సరిగానే ఉండి గాలి బలహీనంగా ఉంటే వైర్లు చూడండి. పెద్ద ఫ్యాన్ 20 ఆంపియర్లకు పైనే లాగగలదు. రాణిగంజ్‌లో మంచి ఫ్యాన్ కొని, దానికి సన్నటి వైరు వేస్తే డబ్బు దండగే. ఫ్యాన్ తిరుగుతుండగా దాని దగ్గర వోల్టేజీ, బ్యాటరీ దగ్గర వోల్టేజీ మల్టీమీటర్‌తో కొలవండి. తేడా ఒక వోల్టు దాటితే వైరు, రిలే, ఎర్త్ కనెక్షన్ మూడూ సరిచూడాల్సిందే.

ఇంకా అనుమానం ఉంటే కండెన్సర్ మీద నీళ్లు సన్నగా చల్లండి. చల్లదనం తిరిగొస్తే లోపం కండెన్సర్‌కు గాలి తగలడంలోనే. రాకపోతే అప్పుడు కంప్రెసర్, గ్యాస్ సంగతి చూడొచ్చు. గ్యాస్ నింపాల్సి వచ్చినా కంపెనీ చెప్పిన బరువు ప్రకారమే తూచి నింపమనండి. ఎక్కువైన గ్యాస్ ద్రవంగా కండెన్సర్‌లోనే చోటు ఆక్రమించి ఒత్తిడిని ఇంకా పెంచుతుంది.

కొందరికి ఇది తిరగబడుతుంది: సిగ్నల్ దగ్గర చల్లగా, అవుటర్ రింగ్ రోడ్డు మీద వెచ్చగా. అప్పుడు ఫ్యాన్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ తొడుగును చూడాలి. రేడియేటర్ మొత్తాన్ని అది మూసేస్తే ఎదురుగాలి లోపలికి పోయే దారి ఉండదు. తొడుగులో రంధ్రాలు చేసి రబ్బరు రెక్కలు బిగిస్తే స్పీడులో గాలికి అవే తెరుచుకుంటాయి, బండి ఆగగానే మూసుకుంటాయి.