అపోహలు – వాస్తవాలు: "మందం 530 ఉంది కదా సార్!"

పోయిన నెల ఆదోని నుంచి ఒక తల్లి, కొడుకు కర్నూలులో మా ఓపీకి వచ్చారు. అబ్బాయికి 28 ఏళ్ళు. చేతిలోని చీటీ మీద బాల్‌పెన్నుతో 530 అని రాసి ఉంది. "నల్లగుడ్డు మందం బాగుందంట సార్. సంబంధం కుదిరింది, పెండ్లిలోపల లాసిక్ చేసి అద్దాలు తీసేయండి" అందామె. ఇలాంటి చీటీలు చూసీ చూసీ విసుగొచ్చింది.

అపోహ: మందం సరిపోతే లాసిక్‌కు (లేజర్‌తో నల్లగుడ్డును చెక్కి అద్దాల నంబరు తగ్గించే ఆపరేషన్‌కు) ఢోకా లేదు.

ఆ 530 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) కార్నియా, అంటే నల్లగుడ్డు మీది పారదర్శక పొర, నడిమధ్యన కొలిచినవి. పెల్యూసిడ్ మార్జినల్ డీజెనరేషన్ అనే, కార్నియా అంచు పలచబడి వంపు తప్పే జబ్బులో నడిమధ్య చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. పలచబడేది కింది అంచు పక్కన, గడియారంలో 4 నుంచి 8 గంటల మధ్య, సన్నటి పట్టీలాగా. అది రెప్ప చాటున ఉండే చోటు. స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దదిగా చూపే మైక్రోస్కోపు) దగ్గర రెప్ప కిందికి లాగి, పైకి చూడమంటేనే బయటపడుతుంది. ప్రాక్టీసు కొత్తలో నేనే ఒకామెకు ఆరు నెలల్లో రెండుసార్లు అద్దాలు మార్చి పంపాను. మూడోసారి వచ్చినప్పుడు గానీ రెప్ప లాగి చూడలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

ఈ అబ్బాయి పాత అద్దాల చీటీల్లోనే అనుమానం తగిలింది. మైనస్ సిలిండర్ (కంటి వంపులోని తేడాను సరిచేసే నంబరు) రెండేళ్ళలో 2 నుంచి 5కు పోయింది, యాక్సిస్ (ఆ నంబరు కోణం) 90 దగ్గర. ఈ వయసువాళ్ళకు ఎక్కువగా 180 దగ్గర ఉంటుంది. టోపోగ్రఫీలో (కార్నియా వంపుల మ్యాప్‌లో) ఎండ్రకాయ డెక్కలు చాచినట్టు బొమ్మ వచ్చింది. అది చూసి పేరు పెట్టేయడమూ తప్పే, కార్నియా శంకువులా పొడుచుకొచ్చే కెరటోకోనస్ అనే జబ్బులోనూ ఆ బొమ్మ రావచ్చు. అంచుదాకా మందం మ్యాప్ తీశాకే తేలింది: కింద 410, పెల్యూసిడ్ జబ్బే. ఇలాంటి కంటికి లాసిక్ చేస్తే కార్నియా ఇంకా బలహీనపడి ముందుకు ఉబుకుతుంది. అద్దాలు పోవడం అటుంచి, ఉన్న చూపు చెడుతుంది.

"గుడ్డోడైపోతాడా సార్?" ఆమె గొంతు వణికింది. కాడమ్మా. అద్దాలతో రాని చూపు రిజిడ్ లెన్సుతోనో (గట్టి కాంటాక్ట్ లెన్సు) స్క్లీరల్ లెన్సుతోనో (తెల్లగుడ్డు మీద ఆనే పెద్ద కాంటాక్ట్ లెన్సు) చాలామందికి వస్తుంది. ముదురుతోందని తేలితే క్రాస్‌లింకింగ్ (కార్నియాను గట్టిపరిచే చికిత్స) ఆలోచిస్తాం.

మిగతావి గబగబా. ఈ జబ్బు అంటుతుందా? అంటదు. సెల్‌ఫోను వల్లా? కాదు. చుక్కల మందుతో మందం పెరుగుతుందా? పెరగదు, డబ్బులు పోసుకోకండి. కళ్ళు నలపడం మాత్రం ఈరోజే మానండి.

ట్రయల్ లెన్సు పెట్టగానే అబ్బాయి కింది వరుస గడగడా చదివాడు. తల్లి కుర్చీ దగ్గరికి జరుపుకుని మెల్లగా అడిగింది: "పెండ్లికూతురికి కనపడతాయా సార్, ఈ లెన్సులు?"