అమెరికాకు వలస రాజ్యాలు లేవా? చరిత్ర క్లాసులో ఏటా వినే అపోహలు - వాస్తవాలు

డిగ్రీ పిల్లలకూ, సాయంత్రం పూట గ్రూప్స్‌కు చదివేవాళ్లకూ ప్రపంచ చరిత్ర చెప్పడం నా పని. ఆధునిక యుగం మొదలుపెట్టే రోజు ముందుగా ఒకటే అడుగుతాను: వేరే దేశాలను పాలించిన దేశాల పేర్లు చెప్పండి. బ్రిటన్, ఫ్రాన్స్, పోర్చుగల్ వెంటనే వచ్చేస్తాయి. కాంగో సంగతి తెలిసినవాళ్లు బెల్జియం అంటారు. అమెరికా పేరు ఎవరి నోటా రాదు. మొదటి ప్రపంచ యుద్ధం పాఠానికి వచ్చేసరికి ఈ లోటే తిప్పలు పెడుతుంది. కారణాలు ఒక వరస, ఫలితాలు ఇంకో వరస బట్టీ పడతారు గానీ రెండింటికీ లంకె దొరకదు. నేను చెప్పే చిట్కా చిన్నది. తేదీలు పక్కపక్కన రాసుకుని చూడండి. చాలా చిక్కుముళ్లు అక్కడే విడిపోతాయి.

అపోహ: అమెరికా కూడా ఒకప్పుడు బ్రిటిష్ కాలనీయే కదా, అందుకే అది ఎవరినీ ఆక్రమించుకోలేదు.

వాస్తవం: 1898 ఒక్క ఏడాది తీసుకోండి. స్పెయిన్‌తో యుద్ధం నాలుగు నెలలు కూడా సాగలేదు. ఆ ఏడాది ముగిసేలోగా పసిఫిక్‌లో హవాయి, గువామ్, ఫిలిప్పీన్స్, కరీబియన్‌లో ప్యూర్టోరికో అమెరికా ఖాతాలో పడ్డాయి.

ఫిలిప్పీన్స్‌కు సిలబస్‌లో దక్కేది రెండు లైన్లే అయినా, నేను రెండు పీరియడ్లు చెబుతాను. అక్కడి జనం అప్పటికే స్పెయిన్ పాలన మీద పోరాడుతున్నారు. జూన్ 12న కవిట్ అనే ఊళ్లో, తన ఇంట్లోనే ఆ పోరాట నాయకుడు ఎమిలియో అగినాల్డో స్వాతంత్ర్యం ప్రకటించి జెండా ఎత్తాడు. మనీలాను ఫిలిప్పినో సేనలు చుట్టుముట్టి ఉన్నాయి. ఆగస్టు 13న స్పెయిన్ అధికారులూ అమెరికన్ అధికారులూ ముందే మాట్లాడుకుని ఉత్తుత్తి యుద్ధం నడిపారు. కాసేపు ఫిరంగులు పేలాయి, తెల్ల జెండా లేచింది, నగరం అమెరికా చేతికి వెళ్లింది. ఫిలిప్పినో సేనలను కోట గోడ లోపలికి రానివ్వలేదు. డిసెంబరు 10న స్పెయిన్, అమెరికా కుదుర్చుకున్న పారిస్ ఒప్పందంలో 2 కోట్ల డాలర్లకు ఆ దీవులు చేతులు మారాయి. అగినాల్డో పంపిన దూత ఫెలిపె అగోన్సిల్యో పారిస్ దాకా వెళ్లినా చర్చల్లో చోటివ్వలేదు. ఇంట్లోవాళ్లను వీధిలో నిలబెట్టి ఇల్లు బేరం పెట్టడమంటే ఇదే.

1899 ఫిబ్రవరిలో ఫిలిప్పినోలకూ అమెరికాకూ యుద్ధం మొదలైంది. 1902 జూలై 4న ముగిసిందని అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ప్రకటించాడు. అమెరికన్ సైనికులు 4,200 మందికి పైగా పోయారు. ఫిలిప్పినో యోధులు 20,000 మందికి పైగా పోయారు. హింస, కరువు, రోగాలతో చనిపోయిన మామూలు జనం 2 లక్షల దాకా ఉంటారని అంచనా. సమర్ దీవిలో బలంగిగ అనే ఊరుంది. 1901 సెప్టెంబరులో ఆ ఊరివాళ్లు అమెరికన్ దండు మీద పడి 48 మందిని చంపారు. దానికి బదులుగా జనరల్ జేకబ్ స్మిత్ పదేళ్లు దాటినవాళ్లందరినీ చంపమన్నాడు. సైనిక విచారణలో అతనికి పడింది మందలింపు, ఆపైన రిటైర్‌మెంట్. ఆ ఊరి చర్చి గంటలు మూడింటిని సైనికులు పట్టుకుపోయారు. అవి మళ్లీ ఊరు చేరింది 2018 డిసెంబరులో. ఆ గంటల ఫొటో క్లాసులో చూపిస్తాను. 117 ఏళ్లు అని లెక్కకట్టి ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడరు.

అమెరికా ఈ యుద్ధాన్ని చాలాకాలం ‘తిరుగుబాటు’ అనే రాసుకుంది. 1857ను సిపాయిల తిరుగుబాటుగా చదువుకుంటూ పెరిగిన మనకు ఆ మాట ఎవరి వైపు నుంచి వస్తుందో తెలుసు. అమెరికాలోనూ అందరూ ఒప్పుకోలేదని చెప్పడం న్యాయం. రచయిత మార్క్ ట్వెయిన్, ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ లాంటివాళ్లు ఆక్రమణను గట్టిగా వ్యతిరేకించారు. సెనేట్‌లో పారిస్ ఒప్పందం నెగ్గింది 57-27తో, కావలసిన మూడింట రెండు వంతుల కంటే ఒక్క ఓటు ఎక్కువతో.

అపోహ: అదంతా ఎప్పుడో ముగిసిన కథ.

వాస్తవం: ప్యూర్టోరికో, గువామ్ నేటికీ అమెరికా అధీనంలోనే ఉన్నాయి. అక్కడ పుట్టినవాళ్లు అమెరికా పౌరులే, అయినా ఆ దీవుల్లో ఉంటే అధ్యక్ష ఎన్నికల్లో ఓటుండదు. ప్యూర్టోరికో వాళ్లకు పౌరసత్వం వచ్చింది 1917 మార్చి 2న. అమెరికా ప్రపంచ యుద్ధంలో దిగింది ఏప్రిల్ 6న.

అపోహ: సరయెవోలో ఆస్ట్రియా-హంగరీ యువరాజును చంపారు, అందుకే ప్రపంచ యుద్ధం వచ్చింది.

వాస్తవం: జవాబు పత్రాల్లో ఎక్కువగా కనిపించే వాక్యం ఇదే. హత్య 1914 జూన్ 28న. సెర్బియా మీద ఆస్ట్రియా-హంగరీ యుద్ధం ప్రకటించింది జూలై 28న. మధ్యలో నెల రోజులున్నాయి. అసలు పాఠం ఆ నెలలోనే ఉంది. జూలై మొదటి వారంలో, ఏం చేసినా మీ వెంటే ఉంటామని జర్మనీ ఆస్ట్రియాకు మాటిచ్చింది. జూలై 23న సెర్బియాకు 48 గంటల గడువుతో హెచ్చరిక వెళ్లింది. సెర్బియాకు అండగా రష్యా సైన్యాన్ని సమీకరించింది. అడుగడుగునా ఆగడానికి వీలుండి కూడా ఎవరూ ఆగలేదు. దాని వెనక 1908లో ఆస్ట్రియా బోస్నియాను కలుపుకోవడం ఉంది. మొరాకో కోసం 1905లో, 1911లో ఫ్రాన్స్, జర్మనీ తగువు పడటం ఉంది. వేరేవాళ్ల నేల మీద హక్కు ఎవరిదన్న పోటీ ఇందులోనూ కనిపిస్తుంది.

ఆగస్టు 4న బ్రిటన్ దిగడంతోనే మన దేశమూ యుద్ధంలో ఉన్నట్టయింది. మనల్ని ఎవరూ అడగలేదు. సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ నౌక ఎండెన్ మద్రాసు ఆయిల్ ట్యాంకుల మీద గుళ్లు కురిపించింది. కోస్తా, రాయలసీమ జిల్లాలకు అప్పటి రాజధాని అదే. హైదరాబాద్ ల్యాన్సర్లు అనే నిజాం గుర్రపు దళం వాళ్లు సూయజ్ కాలువ కాపలాకు వెళ్లారు. ఢిల్లీ తీన్‌మూర్తి కూడలిలో ఉన్న మూడు విగ్రహాలు హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ సేనల గుర్తుగా నిలబెట్టినవే.

అపోహ: లూసిటానియా ఓడను ముంచారని అమెరికా యుద్ధంలో దిగింది.

వాస్తవం: ఆ బ్రిటిష్ ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచింది 1915 మే 7న. 1,198 మంది పోయారు, అందులో 128 మంది అమెరికన్లు. అమెరికా దిగింది దాదాపు రెండేళ్లకు. ఈలోగా బ్రిటన్, ఫ్రాన్స్ తదితర మిత్రరాజ్యాలకు అమెరికన్ బ్యాంకులు ఇచ్చిన అప్పులు 200 కోట్ల డాలర్లు దాటాయి. 1917 ఫిబ్రవరి నుంచి జర్మనీ జలాంతర్గాములు ఏ ఓడనైనా ముంచుతామన్నాయి. అప్పుడే జిమ్మర్‌మన్ టెలిగ్రామ్ బయటపడింది: అమెరికాతో యుద్ధం వస్తే తమతో చేయి కలపమని, టెక్సస్, న్యూ మెక్సికో, అరిజోనా తిరిగి దక్కించుకోవచ్చని మెక్సికోకు జర్మనీ ఎర చూపింది. ‘తిరిగి’ అన్న మాట కింద గీత గీసుకోండి. ఆ నేలంతా అంతకు ముందు మెక్సికోదే.

అపోహ: అమెరికా అధ్యక్షుడు విల్సన్ 14 సూత్రాలు అన్ని దేశాలకూ స్వేచ్ఛ కోరాయి.

వాస్తవం: ఆ ప్రసంగం 1918 జనవరి 8న. అదే విల్సన్ హయాంలో అమెరికా సైన్యం 1915లో హైతీలో, 1916లో డొమినికన్ రిపబ్లిక్‌లో దిగింది. ప్రసంగం చేస్తున్న రోజున కూడా రెండు చోట్లా పాలన వాళ్లదే. హైతీ నుంచి వెళ్లింది 1934లో. అయినా ఆ మాటలు నమ్మి ఈజిప్టు, కొరియా, చైనా, భారతదేశం ఆశపడ్డాయి. 1919 ఏప్రిల్ 11న పారిస్ శాంతి సభలో, నానాజాతి సమితి నిబంధనల్లో జాతుల సమానత్వ వాక్యం చేర్చాలని జపాన్ పట్టుబట్టింది. 17 ఓట్లలో 11 వచ్చినా, అందరూ ఒప్పుకోలేదని అధ్యక్ష స్థానంలో ఉన్న విల్సన్ తోసిపుచ్చాడు. రెండు రోజులకు జలియన్‌వాలా బాగ్. ఒకటి ఇంకోదానికి కారణమని నేను అనను. కానీ ఈ రెండు తేదీలూ ఒకే పేజీలో రాసుకోండి.

అపోహ: వర్సాయ్ ఒప్పందమే హిట్లర్‌ను తెచ్చింది.

వాస్తవం: ఓడిన జర్మనీ మీద మిత్రరాజ్యాలు రుద్దిన ఆ ఒప్పందం 1919, హిట్లర్ గద్దెనెక్కింది 1933. 1928 ఎన్నికల్లో నాజీలకు 2.6 శాతం ఓట్లే. 1932 జూలైలో 37 శాతం. మధ్యలో 1929 మాంద్యం వచ్చింది, జర్మనీని నిలబెట్టిన అమెరికా అప్పులు వెనక్కి పోయాయి. వర్సాయ్ అవమానం ఎండుగడ్డి అనుకుంటే, దానికి నిప్పు తగిలింది ఇక్కడ.

అపోహ: మొదటి ప్రపంచ యుద్ధ ఫలితాలంటే ఒప్పందాలు, సరిహద్దులు.

వాస్తవం: ఆ యుద్ధంలో చనిపోయిన మన సైనికులు దాదాపు 74,000 మంది. యుద్ధకాలపు ఓడల రాకపోకలతో 1918లో బొంబాయి రేవుకు చేరిన ఫ్లూ దేశంలో కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. గ్రూప్స్ పిల్లలు జనాభా పాఠంలో 1921ని మహా విభాజక సంవత్సరం అని బట్టీ పడతారు. 1911-21 మధ్య జనాభా తగ్గిందని కూడా చెబుతారు. ఆ తగ్గినవాళ్లు ఎలా పోయారని అడిగితే క్లాసు నిశ్శబ్దమైపోతుంది. అప్పుడు ప్రపంచ యుద్ధం పాఠం మళ్లీ తెరుస్తాను.