రెండు డిస్కుల సర్వర్: ఇమేజ్ తగవు మళ్లీ ఎందుకు రాజుకుంది

విండోస్ సర్వర్ 2016కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు భద్రతా సవరణలు 2027 జనవరి 12తో ఆగిపోతాయి. అందుకే చిన్న ఆఫీసుల్లో, బీరువా పక్కన ఏళ్ల తరబడి దుమ్ము పట్టి నడుస్తున్న సర్వర్లను ఇప్పుడు కదిలించక తప్పడం లేదు. కదిలించే ముందు మొత్తం డిస్కుకు ఇమేజ్, అంటే విండోస్‌తో సహా అందులోని సర్వస్వానికీ నకలు, తీసి పక్కన పెట్టుకోవాలి. దేనితో తీయాలన్న దగ్గరే గొడవ. రెండు డిస్కులూ మిర్రర్‌లో ఉంటే, అంటే ఒకదాని మీద రాసిందే రెండోదాని మీదా పడుతుంటే, ఇంకా ఇమేజ్ ఎందుకనేది ఒక వర్గం. చందా కట్టి పేరున్న సాఫ్ట్‌వేర్ పెట్టుకోమనేది ఇంకో వర్గం. ఇమేజ్ తీసే క్లోన్‌జిల్లా ఉచితంగా దొరుకుతుంటే డబ్బెందుకు తగలేయాలనేది మూడోది.

మొదటి వర్గానికి జవాబు 2009 జనవరిలోనే దొరికింది. జర్నల్‌స్పేస్ అనే బ్లాగుల సేవ అప్పటికి ఆరేళ్లుగా నడుస్తోంది. డేటాబేస్ ఉన్నది మిర్రర్ చేసిన రెండు డిస్కుల మీద. అదే బ్యాకప్ అనుకున్నారు, వేరే కాపీ లేదు. ఒకనాడు డేటాబేస్ మీద వేరే రాతలు పడ్డాయి. మిర్రర్ తన పని తాను నమ్మకంగా చేసింది, మొదటి డిస్కు మీద పడిన ప్రతి రాతనూ రెండో దాని మీదా రాసింది. డేటా రికవరీ సంస్థకు డిస్కులు పంపితే ఏమీ మిగల్లేదన్నారు. సేవ మూతపడింది. ఈ వర్గంతో ఇక వాదన అనవసరం.

మిగతా ఇద్దరి తగవుకు మూలం 2003, 2004 సంవత్సరాల్లో ఉంది. ఫ్లాపీల కాలం నాటి ఇమేజ్ సాఫ్ట్‌వేర్ ఘోస్ట్ కథ చాలామందికి తెలిసిందే. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో పుట్టింది, 1998లో సిమాంటెక్ అనే కంపెనీ కొనుక్కుంది. సర్వర్ ఆపి, విండోస్ బదులు పాత డాస్‌తో బూట్ చేసి (లేపి), డిస్కును నిద్రలో ఉండగా కాపీ చేయడం దాని పద్ధతి. 2003లో విండోస్ సర్వర్‌లోకి వాల్యూమ్ షాడో కాపీ అనే ఏర్పాటు రావడంతో ఆ అవసరం తప్పింది. డేటాబేస్ లాంటి ప్రోగ్రాములను క్షణం సేపు రాతలు ఆపమని విండోసే అడుగుతుంది. డిస్కు మీద రాతలను పట్టి ఉంచే సమయం 10 సెకన్లు దాటకూడదు. ఆ లోపు ఆ క్షణపు నకలు ఖాయమవుతుంది. తర్వాత పనివాళ్లు బిల్లులు కొడుతూ ఉండగానే వెనకాల ఇమేజ్ తయారవుతుంది.

సిమాంటెక్ అదే ఏడాది పవర్‌క్వెస్ట్ అనే కంపెనీని కొంది. 2004 ఆగస్టులో వచ్చిన నార్టన్ ఘోస్ట్ 9 పేరుకే ఘోస్ట్, లోపలి సరుకంతా పవర్‌క్వెస్ట్‌ది. విండోస్ నడుస్తుండగానే ఇమేజ్ తీసేది. కానీ పాత ఘోస్ట్ తీసిన ఇమేజ్‌లను చదవలేదు. అందుకని అదే పెట్టెలో ఘోస్ట్ 2003 సీడీ కూడా విడిగా పెట్టి అమ్మారు. ఇంకో విశేషం: ఘోస్ట్ 9 సీడీతో బూట్ చేస్తే ఉన్న ఇమేజ్‌ను తిరిగి ఎక్కించుకోవచ్చు తప్ప కొత్తది తీయలేం.

నా లెక్కలో కథ మొత్తం ఆ పెట్టెలోనే ఉంది. అప్పటిదాకా ఇమేజ్ తీయడమూ తిరిగి ఎక్కించడమూ ఒకే చోటు నుంచి, ఒకే ఫ్లాపీతో జరిగేవి. తీసేటప్పుడు డిస్కు ఎలా కనిపించిందో ఎక్కించేటప్పుడూ అలాగే కనిపించేది. 2004 తర్వాత తీయడం విండోస్ లోపలికి వెళ్లిపోయింది, ఎక్కించడం బయటే ఉండిపోయింది. ఒకే డిస్కున్న కంప్యూటర్‌కు ఈ తేడా తెలియదు. మిర్రర్ ఉన్న సర్వర్‌కు ఇదే ప్రాణాంతకం.

ఎందుకంటే మిర్రర్ ఎక్కడ ఉందన్నదాన్ని బట్టి చూపు మారిపోతుంది. మిర్రర్‌ను నడిపే విడి కంట్రోలర్ కార్డు ఉంటే, దాని డ్రైవరు (ఆ కార్డుతో మాట్లాడించే చిన్న ప్రోగ్రాము) దొరికినంత వరకు, ఎటు నుంచి చూసినా ఒకటే డిస్కు. మదర్‌బోర్డులో ఉచితంగా వచ్చే రెయిడ్ (డిస్కులను జతకలిపే ఏర్పాటు) అయితే దాని డ్రైవరు ఉన్న విండోస్‌కు మాత్రమే ఒకటి. బయటి నుంచి చూస్తే రెండుగా కనబడవచ్చు. విండోస్ సొంత ఏర్పాటైన డైనమిక్ డిస్కుల్లోనో, లినక్స్ సొంత ఏర్పాటైన ఎండీలోనో పెట్టిన మిర్రర్ అయితే బయటి నుంచి ఎప్పుడూ రెండు డిస్కులే. వాటిని జత అని గుర్తించడం ఆ పనిముట్టు తెలివిని బట్టి ఉంటుంది.

ఒక అకౌంట్స్ ఆఫీసు సర్వర్ అనుకుందాం, మదర్‌బోర్డు రెయిడ్. క్లోన్‌జిల్లా పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే నీలం తెర మీద ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని రెండు వరుసలు వచ్చాయి. ఒకే కంపెనీ, ఒకే సైజు, తేడా అంతా వరుస చివర ఉన్న సీరియల్ నంబరులోనే. రాత్రి పదకొండింటికి, పక్కన యజమాని నిలబడి ఉండగా, పైదాన్ని ఎంచి ఇమేజ్ ఎక్కించారు. రెండో డిస్కులో పాతదే ఉంది. రెండు డిస్కుల చివర్లలోనూ రెయిడ్ రాసుకున్న గుర్తు మాత్రం అంతా సమానంగానే ఉందని చెబుతోంది. మిర్రర్ చదివేటప్పుడు వేగం కోసం రెండు డిస్కులనూ వాడుకోగలదు. ఇక తెరిచిన ఫైలు సగం కొత్తది, సగం పాతది. ఎర్రర్ కూడా రాకపోవచ్చు.

దీన్ని చందాదార్లు క్లోన్‌జిల్లా తప్పుగా చూపిస్తారు. అది న్యాయం కాదు. తైవాన్‌లోని జాతీయ సూపర్ కంప్యూటింగ్ కేంద్రంలో తయారైన ఆ పనిముట్టు తన పరిమితులను ఏనాడూ దాచలేదు. నడుస్తున్న డిస్కును కాపీ చేయలేనని, మార్పులను మాత్రమే విడిగా తీసే సౌకర్యం లేదని, ఎక్కించే డిస్కు కనీసం పాతదంత ఉండాలని తన పేజీలోనే రాసుకుంది. సాఫ్ట్‌వేర్ రెయిడ్, మదర్‌బోర్డు రెయిడ్ విషయంలోనూ జాగ్రత్త చెప్పింది. పైగా అది పాత ఘోస్ట్ నిజాయితీని నిలుపుకుంది, తీసేదీ ఎక్కించేదీ అదే తెర నుంచి. తీసే రోజే రెండు వరుసలు కళ్లబడితే, ఇక్కడ ఏదో ఉందని ఆ రోజే తెలుస్తుంది. సర్వర్ ఆపాల్సి రావడం మాత్రం నిజంగానే ఇబ్బంది.

చందా సాఫ్ట్‌వేర్ వాళ్ల మాట ఇది: మా రెస్క్యూ డిస్కు (ఇమేజ్ తిరిగి ఎక్కించడానికి బూట్ చేసేది) విండోస్ పీఈ అనే చిన్న విండోస్ మీద నడుస్తుంది, రెయిడ్ డ్రైవరు చేరిస్తే జత ఒకటిగానే కనబడుతుంది. నిజమే. ఆ డ్రైవరును సర్వర్ బతికి ఉండగా చేర్చుకోవాలి, ఆ మెషీన్ మీదే ఒకసారి బూట్ చేసి చూడాలి. ఆ పని చేసేవాళ్లు తక్కువ.

ఉచిత దారులు కూడా ఒక్కొక్కటే మూసుకుపోతున్నాయి. విండోస్‌లోనే ఉన్న సిస్టమ్ ఇమేజ్ సౌకర్యాన్ని ఇక అభివృద్ధి చేయబోమని, వేరే కంపెనీల పనిముట్లు చూసుకోమని మైక్రోసాఫ్ట్ 2017లోనే చెప్పేసింది. మాక్రియం రిఫ్లెక్ట్ అనే ఇమేజ్ సాఫ్ట్‌వేర్ ఉచిత ఎడిషన్‌కు భద్రతా సవరణలు 2024 జనవరి 1తో ముగిశాయి. సర్వర్ ఎడిషన్లో విండోస్ సర్వర్ బ్యాకప్ అనే సొంత పనిముట్టు ఇంకా ఉంది, విచిత్రంగా ఈ తగవులో దాని పేరెత్తేవాళ్లే కనబడరు.

ఇమేజ్ ఉంది కదా అన్న భరోసా ఎంతటిదో 2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడ్ దాచే గిట్‌ల్యాబ్ అనే సేవలో తేలింది. ఒక ఇంజినీరు వేరే సర్వర్ అనుకుని అసలు డేటాబేస్ ఫోల్డరును చెరిపేశారు. సుమారు 300 జీబీ పోయింది. రోజువారీ బ్యాకప్ కోసం వెతికితే ఖాళీ. డేటాబేస్ వెర్షన్ 9.6, దాని బ్యాకప్ తీసే పనిముట్టు వెర్షన్ 9.2 కావడంతో అది రోజూ విఫలమవుతూనే ఉంది. ఆ సంగతి చెప్పే మెయిళ్లు ఎవరికీ చేరలేదు. ఆరు గంటల ముందు మరో పని కోసం చేత్తో తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణపు నకలు) ఒకటి ఉండబట్టి మిగిలినవి దక్కాయి.

ఇప్పటి చిక్కు ఇంకా ఇరుకైనది. డైనమిక్ డిస్కులను మైక్రోసాఫ్ట్ పాతబడినవిగా ప్రకటించింది, విండోస్ బూట్ అయ్యే డిస్కుకు పెట్టే మిర్రర్‌కు తప్ప. వాటి స్థానంలో చూపించే స్టోరేజ్ స్పేసెస్ అనే ఏర్పాటు నుంచి విండోస్ సర్వర్‌ను బూట్ చేయలేం. అంటే కంట్రోలర్ కార్డు కొనలేని ఆఫీసుకు కొత్త సర్వర్లోనూ పాత డైనమిక్ మిర్రరో, మదర్‌బోర్డు రెయిడో గతి. అందులో డైనమిక్ మిర్రర్ అయితే బూట్‌కు కావాల్సిన చిన్న ఈఎఫ్ఐ భాగం దానంతట అది రెండో డిస్కులోకి వెళ్లదు, చేత్తో కాపీ చేయాలి. మొదటి డిస్కు పోయిన రోజు రెండోదానిలో డేటా అంతా భద్రంగా ఉంటుంది, సర్వర్ మాత్రం లేవదు.