ఏఆర్ పోలీసు అంటే పనిలేని పోలీసు కాదు: అపోహలు - వాస్తవాలు

నేను ఏఆర్‌లో, అంటే పోలీసు శాఖలోని ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో, రిజర్వ్ సబ్ ఇన్‌స్పెక్టర్‌గా (ఆర్‌ఎస్‌ఐ) చేరి రిజర్వ్ ఇన్‌స్పెక్టర్‌గా (ఆర్‌ఐ) రిటైరయ్యాను. సర్వీసు మొత్తంలో ఒక్క ఎఫ్‌ఐఆర్ కూడా రాయలేదు. పెళ్ళిళ్ళలో ఎవరైనా "మీది ఏ స్టేషన్ సార్?" అని అడిగితే "స్టేషన్ కాదండీ, ఏఆర్ హెడ్‌క్వార్టర్స్" అనేవాణ్ణి. ఆ మాట వినగానే మనిషి పక్కకు చూసేవాడు. ఇప్పుడు ఉద్యోగాలకు చదువుతున్న పిల్లలు ఇంటికొచ్చి అడుగుతున్నారు. "స్టేషన్లలో ఉండే సివిల్ పోలీసు ఉద్యోగం రాకపోతే ఏఆర్‌లో చేరొచ్చా అంకుల్? అక్కడ పెద్ద పనేం ఉండదటగా?" అని. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

అపోహ: రిజర్వ్ అంటే అవసరం పడితే పిలిచే అదనపు బలగం, మిగతా రోజుల్లో ఖాళీ.

ఆ "రిజర్వ్" అన్న మాటే జనాన్ని తప్పుదోవ పట్టిస్తోంది. ఆర్మ్‌డ్ రిజర్వ్ అంటే జిల్లా ఎస్పీ చేతి కింద ఉండే సాయుధ బలగం. హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి కమిషనరేట్లలో దాన్ని సిటీ ఆర్మ్‌డ్ రిజర్వ్ అంటారు. హైదరాబాద్‌లో దాని హెడ్‌క్వార్టర్స్ పేట్లబుర్జులో ఉంది. పొద్దున ఫాల్‌ఇన్‌లో, అంటే అందరూ వరసల్లో నిలబడ్డప్పుడు, రోల్ కాల్ అయ్యేసరికే మనుషులంతా పనుల్లోకి పంచబడిపోతారు. జైలు నుంచి కోర్టుకు ఖైదీల ఎస్కార్టు, ట్రెజరీ గార్డు, బ్యాంకుల డబ్బుకు కాపలా, మంత్రులకు గన్‌మెన్, పరీక్ష పేపర్ల వెంట మనుషులు, డాగ్ స్క్వాడ్, బాంబులు వెతికే టీమ్, వాహనాలు నడిపే ఎంటీ సెక్షన్. వీటి మీద ఎక్కడో ధర్నా, ఇంకెక్కడో జాతర. రెండేళ్ళకోసారి వచ్చే మేడారం జాతరకైతే జిల్లాల నుంచి బస్సుల కొద్దీ మనుషులు కదలాల్సిందే. ఇన్నిటి తర్వాత చేతిలో మిగిలే నలుగురే అసలు "రిజర్వ్". ఆ నలుగురిని కూడా రాత్రి పదింటికి లేపిన రోజులు నాకు లెక్కలేవు.

బెటాలియన్లు వేరు. ఏపీఎస్‌పీ (ఆంధ్రప్రదేశ్ స్పెషల్ పోలీసు) గానీ, ఇప్పుడు టీజీఎస్‌పీ అంటున్న తెలంగాణ బెటాలియన్లు గానీ కంపెనీలుగా, ప్లటూన్లుగా రాష్ట్రమంతా తిరుగుతాయి. కంపెనీకి ఆర్‌ఐ, ప్లటూన్‌కు ఆర్‌ఎస్‌ఐ. కుటుంబానికి దూరంగా ఉండటమే అక్కడ పెద్ద కష్టం. 2024 అక్టోబరులో తెలంగాణలో ఆ కానిస్టేబుళ్ళ భార్యలు రోడ్డు మీదికొచ్చి అడిగింది కూడా ఇదే. ఆ బాధ నిజమైనది. ఫారం నింపే ముందు ఇంట్లోవాళ్ళతో కూర్చుని ఈ సంగతి మాట్లాడుకోండి.

అపోహ: ఒళ్ళు ఉంటే చాలు, బుర్రతో పనిలేదు.

ఒళ్ళు కావాలి, కాదనను. ఆర్‌ఎస్‌ఐ పోస్టులకు పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్‌లలో గట్టెక్కితే సరిపోదు, వాటికి మార్కులుంటాయి. మగవాళ్ళకైతే ఎత్తు 167.6 సెంటీమీటర్లు, ఛాతీ 86.3 సెంటీమీటర్లు, గాలి పీలిస్తే మరో 5 పెరగాలి. అయితే ఇదంతా గేటు దాటడానికే. లోపలికొచ్చాక కావలసింది వేరే బలం. ఎండలో ఆరు గంటలు నిలబడి, ఏడో గంటలో కూడా పక్కవాడితో మెత్తగా మాట్లాడగలగాలి. కాపలా నిలబడే సెంట్రీ డ్యూటీ రెండేసి గంటలు. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు వరకు వచ్చే ఆ రెండు గంటలే మనిషిని పరీక్షిస్తాయి. ఏటా మొబిలైజేషన్ ఉంటుంది. అప్పుడు అందరినీ డ్యూటీల నుంచి వెనక్కి రప్పించి మళ్ళీ డ్రిల్లు, ఫైరింగు చేయిస్తారు. నలభై ఐదేళ్ళ హెడ్ కానిస్టేబులూ కొత్త కుర్రాడూ పక్కపక్కనే పరిగెత్తాలి. మోకాళ్ళను ఇరవై ఏళ్ళప్పుడే జాగ్రత్తగా చూసుకోమని ప్రతి బ్యాచ్‌కీ చెప్పేవాణ్ణి.

అపోహ: పరేడ్ అంతా షో.

అక్టోబరు 21న ఏ జిల్లా కేంద్రంలోనైనా పోలీసు అమరవీరుల సంస్మరణ పరేడ్ చూడండి. 1959లో అదే రోజున లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. ఈ పరేడ్‌లో, గడిచిన ఏడాదిలో దేశమంతటా విధుల్లో చనిపోయిన పోలీసుల పేర్లు ఒక్కొక్కటిగా చదువుతారు. "శోక్ శస్త్ర్" అన్న కమాండ్‌కు రైఫిళ్ళన్నీ తలకిందులవుతాయి, తలలు వంగుతాయి. ముందు వరసలో కూర్చున్న అమరుడి తల్లికి ఆ రైఫిళ్ళు ఒకేసారి కదిలాయా, ఒకటి వెనకబడిందా అన్నది తెలుస్తుంది. ఆమె కోసమే వారాల తరబడి ప్రాక్టీస్ చేయిస్తాం.

అపోహ: చేతిలో తుపాకీ ఉంది కాబట్టి కాల్చే అధికారం మాదే.

గుంపును చెదరగొట్టమని ఆదేశించేది ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు గానీ, స్టేషన్ అధికారి గానీ, ఆయన లేనప్పుడు ఎస్‌ఐ హోదాకు తగ్గని పోలీసు అధికారి గానీ. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 148వ సెక్షన్ అది. పాత సీఆర్‌పీసీలో 129. ముందు హెచ్చరిక, తర్వాత బాష్పవాయువు, లాఠీ. కాల్పులు అన్నిటికన్నా చివర. కాల్చిన ప్రతి రౌండుకూ, అంటే ప్రతి తూటాకూ, జవాబు చెప్పుకోవాలి.

ఒకసారి ధర్నా దగ్గర షీల్డులు పట్టుకుని వరసగా నిలబడ్డాం. అవతల నుంచి బూతులు, మట్టిగడ్డలు. నా ముందున్న కుర్రాడి చెంప మీద ఎవరో ఉమ్మేశారు. అతని మెడ నరాలు బిగుసుకోవడం వెనక నుంచి కనిపిస్తూనే ఉంది. బెల్టు పట్టుకుని చెవి దగ్గర "నేనున్నా నాయనా, కదలకు" అన్నాను. పది నిమిషాలు ఆ బెల్టు వదల్లేదు. గుంపు దానంతటదే పల్చబడింది. ఆ కుర్రాడు ఆ రోజు చేసిన డ్యూటీ ఏ రికార్డులోనూ ఎక్కలేదు. నా సర్వీసులో నేను చూసిన గొప్ప డ్యూటీల్లో అదొకటి.

అపోహ: ఖైదీకి బేడీలు వేసి బస్సెక్కిస్తే ఎస్కార్ట్ అయిపోయినట్టే.

బేడీలు ఇష్టమొచ్చినట్టు వేయడానికి లేదు. 1980లో ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో సుప్రీంకోర్టు ఈ విషయంలో గట్టిగా చెప్పింది. కొత్త సంహితలో 43వ సెక్షన్ ఏయే నేరాల్లో వేయవచ్చో చెబుతోంది. ఖైదీ తప్పించుకుపోతే, అది మా నిర్లక్ష్యమని తేలితే, ఎస్కార్టులో ఉన్నవాళ్ళ మీదే క్రిమినల్ కేసు. శిక్ష రెండేళ్ళ దాకా ఉంటుంది. మహిళా ఖైదీల వెంట మహిళా సిబ్బంది ఉండాల్సిందే, కాబట్టి ఆడపిల్లలకు ఈ విభాగంలో పనిలేదన్న మాట వట్టిది. ఇంకో సంగతి. కోర్టు వరండాలో ఖైదీని చూడటానికి అతని పిల్లలు వస్తారు. వాళ్ళ ముందు అతన్ని కసురుకోకుండా, అదే సమయంలో చూపు పక్కకు తిప్పకుండా ఉండాలి. ఇది ట్రైనింగ్‌లో రాదు. మంచి హెడ్ కానిస్టేబుల్‌ను చూసి నేర్చుకోవాలి.

అపోహ: ఆర్‌ఐ అంటే స్టోరు చూసుకునే గుమస్తా.

ఈ మాట డిపార్ట్‌మెంట్‌లోనే వింటుంటాం. మా ఉద్యోగమే లెక్క. మనుషుల లెక్క, ఆయుధాల లెక్క, రౌండ్ల లెక్క. ఒక ఎన్నికల బందోబస్తు ముగించుకుని మా ప్లటూన్ రాత్రి పదకొండింటికి తిరిగొచ్చింది. ఆయుధాలు భద్రపరిచే గది, బెల్ ఆఫ్ ఆర్మ్స్ దగ్గర వాటిని అప్పజెబుతుంటే ఆర్మరర్ రెండుసార్లు లెక్కపెట్టి తలెత్తాడు. "సార్, ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్ రౌండ్ ఒకటి తక్కువ." రెండు రోజులుగా నిద్రలేని మనుషులు. అయినా ఒక్కణ్ణి కూడా ఇంటికి పంపలేదు. పౌచులు తిరగేశాం. కిట్ బ్యాగులు నేలమీద గుమ్మరించాం. టార్చిలైట్లతో బస్సు సీట్ల కింద వెతికాం. రౌండు పోగొట్టుకున్న పీసీ (పోలీసు కానిస్టేబుల్) ఏడుస్తూనే వెతుకుతున్నాడు. రెండు దాటాక ఒక సీటు కింద, రేకు లేచిన సందులో ఇరుక్కుని దొరికింది. నా చిటికెనవేలంత ఇత్తడి ముక్క. దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు మెట్ల మీదే కూర్చున్నాను. తెల్లవారితే ఆ బస్సు కడగడానికి క్లీనర్ కుర్రాడు వచ్చేవాడు, పన్నెండేళ్ళుంటాయేమో. ఆ రౌండు వాడి చేతికి చిక్కి ఉంటే?

అపోహ: పైనుంచి వచ్చిన డ్యూటీని కిందికి పంచడమే మా పని.

డ్యూటీ పంచేటప్పుడు మనిషి ముఖం చూడాలి. ఇదే అన్నిటికన్నా కష్టం. ఆలస్యంగా నేర్చుకున్నాను, అందుకే చివర రాస్తున్నాను. ఒక పీసీ వరసగా మూడు నెలలు గార్డు డ్యూటీలో ఉన్నాడు. అంతకుముందు నేను పనిచేసిన ఒకచోట సెలవు అడగడమే తప్పన్నట్టు చూసేవారు, అదే అలవాటు నాకూ కొంత అంటింది. అతను రెండుసార్లు సెలవు అడిగితే "ఎన్నికలయ్యాక చూద్దాం" అన్నాను. ఓ సాయంత్రం ఫాల్‌ఇన్‌లో "జాంచ్ శస్త్ర్" చెప్పి ఒక్కొక్క రైఫిల్ చూసుకుంటూ వస్తున్నాను. అతని దగ్గరికి రాగానే ఆగిపోయాను. గడ్డం గీసుకోలేదు. బూట్లకు పాలిష్ లేదు. ఎప్పుడూ అద్దంలా ఉంచేవాడు వాటిని. కళ్ళు నన్ను చూడటం లేదు.

పక్కకు తీసుకెళ్ళి "ఏమైంది బాబూ?" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. ఊళ్ళో కూతురికి జ్వరం తగ్గడం లేదట. భార్య ఫోన్ చేసి "నువ్వు ఉన్నా లేనట్టే" అందట. "సార్, రాత్రి సెంట్రీలో ఏవేవో ఆలోచనలొస్తున్నాయి" అన్నాడు.

తుపాకీ చేతిలో ఉన్న మనిషి నోటి నుంచి ఆ మాట వింటే క్షణం ఆలస్యం చేయకూడదు. రైఫిల్, రౌండ్లు నేనే అందుకుని బెల్ ఆఫ్ ఆర్మ్స్‌కు నడిచాను. అతను నా పక్కనే వచ్చాడు. గార్డుకు ఇంకొకరిని పంపించి, సెలవు మంజూరు కోసం డీఎస్పీ గారికి ఫోన్ చేశాను. ఆయన ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. రైఫిల్ నంబరుకు ఎదురుగా రిజిస్టర్‌లో "డిపాజిట్" అని రాసి సంతకం పెట్టాను. తెల్లవారి మొదటి బస్సుకు ఎక్కించేదాకా అతన్ని మా ఇంట్లోనే పడుకోబెట్టుకున్నాను.