పొగగొట్టంలోంచి రాని విషం

1943 జూలైలో లాస్ ఏంజిలిస్ నగరాన్ని ఘాటైన పొగమంచు కమ్మేసింది. కళ్ళు మండాయి, గొంతులు గరగరలాడాయి. యుద్ధకాలం కదా, జపాన్ విషవాయువు వదిలిందేమోనని కొందరు హడలిపోయారు. తర్వాత అనుమానం కృత్రిమ రబ్బరు కోసం బ్యూటాడయీన్ తయారుచేసే ఒక కర్మాగారం మీదికి మళ్ళింది. దాన్ని కొన్నాళ్ళు మూయించారు. అయినా పొగమంచు వస్తూనే ఉంది.

లండన్‌ను బాధించింది చలిలో, తేమలో పేరుకునే బొగ్గు పొగ. ఇక్కడ తీరే వేరు. ఎండ బాగా కాసిన రోజునే ఊపిరాడేది కాదు. రబ్బరు వస్తువులు పగుళ్ళిచ్చేవి, ఆకుకూరల ఆకులు పాడైపోయేవి. ఈ చిక్కుముడి విప్పినవాడు ఆరీ హాగెన్-స్మిట్. అనాసపండు వాసనకు కారణమైన రసాయనాలను వెతికిన జీవరసాయన శాస్త్రవేత్త ఆయన. పెట్రోలు ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు, ఎండ కలిస్తే ఓజోన్ అనే ఘాటైన వాయువు పుడుతుందని 1950ల తొలినాళ్ళలో తేల్చాడు. అంటే జనానికి ఊపిరాడనివ్వని ఆ ఓజోన్ ఏ కారు పొగగొట్టంలోంచీ నేరుగా రాలేదు, నగరం మీది గాలిలోనే తయారైంది.

అదెలాగో చూద్దాం. ఇంజన్ లోపలి విపరీతమైన వేడికి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రిక్ ఆక్సైడ్ అవుతాయి. బయటికొచ్చాక అది నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారుతుంది. ఎండ తగిలితే దాన్నుంచి ఒక ఆక్సిజన్ పరమాణువు విడిపోయి, గాలిలోని ఆక్సిజన్ అణువుతో కలిసి ఓజోన్ అవుతుంది. మిగిలిన నైట్రిక్ ఆక్సైడ్ ఆ ఓజోన్‌ను మళ్ళీ మింగేస్తుంది. కథ ఇంతే అయితే లెక్క సరిపోయేది. కానీ పూర్తిగా కాలని పెట్రోలు ఆవిరి మధ్యలో దూరుతుంది. దాన్నుంచి పుట్టే చురుకైన రసాయనాలు ఓజోన్ ఖర్చు కాకుండానే నైట్రిక్ ఆక్సైడ్‌ను డయాక్సైడ్‌గా మార్చేస్తాయి. మింగేవాడు తగ్గాడు, పుట్టేది ఆగలేదు. మధ్యాహ్నానికి ఓజోన్ పేరుకుపోతుంది.

అందుకే వాహనాలు కిక్కిరిసిన కూడలిలో ఓజోన్ తక్కువగా ఉండొచ్చు, గాలి వీచే దిక్కున ఉన్న ప్రశాంతమైన శివార్లలో ఎక్కువగా ఉండొచ్చు. కూడలి గాలి మంచిదని కాదు, అక్కడి విషాలు వేరు. ఇంకో వింత కూడా ఉంది. లాస్ ఏంజిలిస్‌లో చాలాకాలం శని, ఆదివారాల్లో లారీలు తగ్గి, నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గి, ఓజోన్ పెరిగేది. అలాంటప్పుడు నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడం దేనికని వాదించినవాళ్ళున్నారు. నాకు ఆ వాదన నచ్చదు. నైట్రోజన్ డయాక్సైడ్ స్వయంగా ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, సన్నని నైట్రేట్ కణాలుగానూ మారుతుంది. పైగా తగ్గింపు ఇంకా ముందుకు సాగితే ఓజోన్ కూడా దిగొస్తుంది.

1975 నుంచి అమెరికా కార్లలో కెటలిటిక్ కన్వర్టర్లు, అంటే పొగలోని విషాలను తగ్గించే పరికరాలు, రావడం మొదలైంది. అప్పట్లో పెట్రోలులో కలిపే సీసం వాటిలోని ప్లాటినంను పనికిరాకుండా చేస్తుంది. సీసం లేని పెట్రోలు కూడా బంకుల్లో అమ్మాలని అక్కడ నిబంధన పెట్టింది ముందుగా ఆ పరికరాన్ని కాపాడటానికే. సీసం మెదడుకూ హాని చేస్తుంది కదా, మన మెదళ్ళకు అది అనుకోని లాభం! కార్ల సంఖ్య పెరిగినా ఆ నగరంలో ఓజోన్ బాగా తగ్గిందంటే ఇలాంటి పరికరాలు, వాటి వెనకున్న చట్టాలే ముఖ్య కారణం.

అయితే ఈ కన్వర్టర్ వందల డిగ్రీలు వేడెక్కేదాకా సరిగా పనిచేయదు. చల్లగా ఉన్న ఇంజన్ స్టార్ట్ చేసిన మొదటి ఒకటి రెండు నిమిషాల్లో పెట్రోలు ఆవిరి దాదాపు అడ్డు లేకుండా బయటికి పోతుంది. వీధి చివరిదాకా వెళ్ళొచ్చే కారు ప్రయాణం అక్కడితోనే అయిపోతుంది.