ఉమ్మడి చిట్టాలో పేర్లుండవు

2023 డిసెంబర్ 13 ఉదయం. దుబాయ్ వాతావరణ సదస్సు అధ్యక్షుడు సుల్తాన్ అల్ జాబెర్ బల్ల మీద సుత్తితో కొట్టి, తీర్మానం ఆమోదం పొందిందన్నారు. హాలంతా లేచి చప్పట్లు. కాసేపటికి సమోవా ప్రతినిధి ఆన్ రస్ముసెన్ మాట్లాడారు. మీరు సుత్తి కొట్టినప్పుడు చిన్న ద్వీపదేశాల వాళ్లం అసలు హాల్లోనే లేం అన్నారామె. సముద్రమట్టం పెరిగితే ముందుగా నష్టపోయేది వాళ్లే. వాళ్లు లోపలికి రాకముందే అందరి లెక్కా తేలిపోయింది!

ఆ లెక్క పేరు గ్లోబల్ స్టాక్‌టేక్. మార్చి నెలాఖరున కిరాణా కొట్టులో బస్తాలు, డబ్బాలు లెక్కపెట్టుకున్నట్టే. 2015 పారిస్ ఒప్పందంలోని 14వ అధికరణం ప్రకారం భూమి వేడెక్కకుండా ఆపడంలో ఎంత దూరం వచ్చామో ఐదేళ్లకోసారి ప్రపంచమంతా కలిసి చూసుకోవాలి. మొదటిది దుబాయ్‌లో ముగిసింది.

బస్తాలంటే చేత్తో లెక్కపెట్టొచ్చు. పొగని ఎలా లెక్కపెడతారు? ప్రతి గొట్టానికీ మీటరు పెట్టరు. ఎంత ఇంధనం తగలబెట్టారో చూసి గుణిస్తారు. లీటరు డీజిల్ బరువు సుమారు 830 గ్రాములు. అది కాలితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ 2.6 కిలోలకు పైనే. ఇదేం మాయ అనిపిస్తుంది కానీ, మిగతా బరువు గాలిది. 12 గ్రాముల కార్బన్ 32 గ్రాముల ఆక్సిజన్‌ని లాక్కుని 44 గ్రాములవుతుంది. లారీ ట్యాంకులో పోసిన దానికి మూడింతల బరువు ఆకాశంలోకి పోతుందన్నమాట.

డీజిల్ లెక్క సులువు. వరి మడి దగ్గరే చిక్కు. నీళ్లు నిలిచిన మట్టికి గాలి అందదు, అక్కడి సూక్ష్మజీవులు మీథేన్ తయారుచేస్తాయి, అదీ భూమిని వేడెక్కించే వాయువే. గోదావరి డెల్టాలో నిండుగా నీళ్లు పెట్టిన చేనుకీ, మధ్యమధ్యలో ఆరబెట్టిన చేనుకీ చాలా తేడా ఉంటుంది. ప్రభుత్వం మాత్రం ఏ చేనుకా చేను కొలవదు, నీళ్లు పెట్టే పద్ధతుల వారీగా సాగు విస్తీర్ణాన్ని సగటు అంకెలతో గుణించి రాస్తుంది. అబద్ధం కాదు, అంచనా.

ఇలాంటి అంచనాలన్నీ కలిపితే తేలిందేమిటి? పారిస్‌కు ముందు భూమి 4 డిగ్రీలు వేడెక్కేలా ఉండేది. ఉద్గారాలు తగ్గిస్తామని దేశాలు ఇచ్చిన మాటలన్నీ నిలబెట్టుకుంటే 2.1 నుంచి 2.8 డిగ్రీల మధ్య ఆగుతుంది. పారిస్‌లో ఆశపడ్డట్టు 1.5 దగ్గర ఆపాలంటే 2019తో పోలిస్తే 2030కల్లా ఉద్గారాలు 43 శాతం తగ్గాలి. ఆ తీర్మానం చేసిన ఏడాదే అవి కొత్త రికార్డు కొట్టాయి.

ఎవరివల్ల? చిట్టాలో ఆ గడే లేదు. ఒప్పందంలో రాసుకున్నదే ‘ఉమ్మడి పురోగతి’ అని. ఏ దేశం ఎంత బాకీ పడిందో తేల్చరు. ఉమ్మడి కుటుంబంలో ఖర్చులు చదివి, ఎవరి ఖర్చో మాత్రం చదవనట్టు. నాకిది మొదట పిరికితనంగానే తోచింది. కానీ పేర్లు చదువుతామని రాసుంటే పారిస్‌లో ఇన్ని సంతకాలు పడేవి కావు. అంతకుముందు, 1997లో, ధనిక దేశాలకు తగ్గింపు కోటాలు పెట్టిన క్యోటో ఒప్పందాన్ని అమెరికా చివరిదాకా ధ్రువీకరించనే లేదు.

మన సంగతి చూసినా అంకె ఎలా చదవాలో తెలియాలి. విద్యుత్ సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదే, అంటే బొగ్గు, చమురు, గ్యాస్ కానివాటిదే ఉండాలన్నది 2030 లక్ష్యం. 2025 జూన్‌కే చేరుకున్నాం. గొప్పే. అయితే అది సామర్థ్యం, కరెంటు కాదు. కర్నూలు సోలార్ పార్కు 1000 మెగావాట్లది, రాత్రి పూట మాత్రం సున్నా. దేశంలో పుట్టే కరెంటులో బొగ్గు వాటా ఇంకా 70 శాతానికి అటూ ఇటూగానే ఉంది.

లెక్క చూసుకున్నాక ప్రతి దేశం కొత్త మాట ఇవ్వాలి. గడువు 2025 ఫిబ్రవరి 10. ఆ రోజుకి ఇచ్చిన దేశాలు డజనుకు కాస్త అటూ ఇటూ, ఒప్పందంలో ఉన్నవేమో 190 పైచిలుకు. ఆలోపే, జనవరి 20న, అమెరికా బయటికి పోతున్నట్టు సంతకం పెట్టేసింది. మిగతావాళ్లని సెప్టెంబరులోపైనా ఇవ్వండని అడగాల్సి వచ్చింది. రెండో లెక్క 2028లో.